తల మీద నిలబడే తూటా

ఆ రోజుల్లో ఫిజిక్సు డిగ్రీ చేతికి రాగానే కళ్లు నెత్తికెక్కేవి. (అందరికీ ఎక్కేవో లేదో తెలియదు గాని, నాకు ఎక్కాయి.) సంతోష్‌నగర్ నుంచి బస్సెక్కి హుస్సేనీ ఆలంలోని ఒక లైసెన్సు తుపాకుల దుకాణానికి గుమాస్తాగా వెళ్లేవాణ్ణి. అక్కడ మరమ్మతులు చేసే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. ట్రిగ్గరు కింది లివరు లాగి తూటా ఎక్కించే పాతకాలపు తుపాకులంటే ఆయనకు ప్రాణం. వాటికి తూటాలు ఇచ్చేముందు ప్రతిదాన్నీ బల్ల మీద తలకిందులుగా నిలబెట్టేవారు. నిలబడితే డబ్బాలోకి, పడిపోతే వేరే తుపాకుల కోసం బీరువాలోకి. ఇదేదో దిష్టి తీయడం లాంటిదనుకుని లోలోపల నవ్వుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం చాచా నమాజుకు వెళ్లినప్పుడు బహదూర్‌పురా వకీలుగారు వచ్చారు. ఆయనది తాతల నాటి లివరు తుపాకీ. మర్నాడు గురి పోటీ. "ఈసారన్నా నిశానా తప్పొద్దు, భాయ్" అన్నారు. నాలోని పండితుడు నిద్ర లేచాడు. మొండి ముక్కు తూటాకు గాలి అడ్డమనీ, సూదిముక్కుదైతే అంత త్వరగా కిందికి వంగదనీ కాగితం మీద గీత గీసి మరీ చూపించి, బీరువాలోంచి అదే కొలత సూదిముక్కు తూటాలు ఇచ్చేశాను. ఆయన మురిసిపోతూ వెళ్లారు.

తిరిగొచ్చిన చాచాకు గొప్పగా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"గా తుపాకిల తూటాలు ఎట్ల కూసుంటయి, బేటా?"

"బారెలు కింది గొట్టంలో, ఒకదాని వెనక ఒకటి."

"మరి ఎనకదాని ముక్కు యాడ ఆనుతది?"

ముందున్న తూటా అడుగున, సరిగ్గా అది పేలే చోట. ఒక్క అదురు చాలు, గొట్టంలోనే పేలడానికి. కాల్చేటప్పుడు వకీలుగారి ఎడమచెయ్యి ఉండేది ఆ గొట్టం దగ్గరే. బల్ల మీద నిలబడని సూదిముక్కు తూటా ఆ గొట్టంలోకి ఎందుకు పోకూడదో అప్పుడు తెలిసింది.

ఫోను ఎవరూ ఎత్తలేదు. మొండి ముక్కు తూటాల డబ్బా తీసుకుని చాచా స్కూటరు మీద బయలుదేరాం. (దారిలో ప్రతి గతుకుకీ నా గుండె ఒకసారి పేలింది.) వకీలుగారు వరండాలో ఉన్నారు. ఒళ్లో తుపాకీ, చేతిలో మొదటి తూటా. చాచా మెల్లగా దాన్ని అందుకుని, "మాఫ్ చెయ్యుండ్రి సాబ్. డబ్బా మార్చి పెట్టిన. నాదే గల్తీ" అన్నారు.

బయటికొచ్చాక, "నా పేరెందుకు చెప్పలేదు, చాచా?" అన్నాను.

"చెప్తే నీ నౌకరి ఉంటదా? నాదేముంది, ముసలోనికి మతిమరుపు అనుకుంటరు."

దుకాణంలో నా బొటనవేలును బల్లకు ఆనించి, చెక్కిన పెన్సిల్ మొన దాని మీద పెట్టి, వెనక నుంచి చిన్నగా తట్టారు. చురుక్కుమంది. "గీ లెక్క డిగ్రీల చెప్పలేదా?" అన్నారు. చెప్పలేదు. వకీలుగారి చెయ్యీ, నా బతుకూ రెండూ ఆ రోజు ఆయన పెట్టిన భిక్షే.

ఇప్పుడు నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. గాలి అడ్డు గురించి చెప్పేటప్పుడు బోర్డు మీద ఆ వంపుగీతే గీస్తాను. గీసి, ఇది ఏ తుపాకీకి అని ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు చూస్తాను. ఎవరూ అడగరు. అప్పుడు పెన్సిల్ తీసి, అందరికంటే గట్టిగా తలూపిన కుర్రాణ్ణి బొటనవేలు ఇమ్మంటాను. వాడు ఉలిక్కిపడి నా వైపు చూసినప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చాచా ఇప్పుడు లేరు, ఉంటే ఆయనా గుర్తుపట్టేవారు.