రబ్బరు కప్ప మీది గాట్లు

కళింగపట్నం బస్సులో, చేపల వేటకని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బొమ్మ ఎరల పెట్టె తెరిచి, నీటి మీద తేలేవాటిలో ఏది వేయాలా అని చూస్తున్నాను. పక్క సీటు ముసలాయన పచ్చటి రబ్బరు కప్పను తీసుకుని, దాని వీపు మీది గాట్లను బొటనవేలితో తడిమాడు.

"కొరమేను చేపల పళ్ల గాట్లు. ఈ కప్ప వేస్తే ఒక్కసారీ తప్పలేదు," అన్నాను గొప్పగా.

"ఎక్కడ ఇసిరినావు బాబూ?"

"మా ఊరి చెరువులో, నీళ్లు ఎర్రగా బుడబుడలాడే చోట."

"ఆ ఎర్రగా తిరిగినవి దాని పిల్లలు. అది ఆకలేసి కరవనేదు. పిల్లల మీదకి కప్ప వొచ్చినాదని కరిసినాది." కప్పను తిరగేసి చూస్తూ, "తల్లిని ఒట్టుకుపోయినాక ఆ పిల్లలేటయినాయో సూసినావా?" అని అడిగాడు.

నేను చూడలేదు. ఆయన కప్పను నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, తర్వాతి ఊళ్లో దిగిపోయాడు.

మర్నాడు గాలం లేకుండా ఆ చెరువుకు వెళ్లి, మధ్యాహ్నం దాకా గట్టు మీద కూర్చున్నాను. ఎరుపు ఎక్కడా కనబడలేదు.

ఏళ్లు గడిచాయి. కప్ప ఇంకా పెట్టెలోనే ఉంది. మూత తీసినప్పుడల్లా నా బొటనవేలు దాని వీపు మీదికే పోతుంది. అన్నిటికంటే లోతుగా దిగిన గాటు దగ్గర ఆగిపోతుంది.