కేసుకి పనికిరాని కాలు

మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు పల్లెలో చేపలమ్ముకునే పెద్దింట్లమ్మకి ఏడాదికి ఒకటే సెలవు. ఆ రోజు గంప ముట్టదు. కుంకుడుకాయలతో తలంటుకుని, పెట్టె అడుగునున్న జరీ చీర కట్టుకుని, నరసాపురంలో బస్సెక్కి రాజమండ్రిలో ఒక మెడికల్ కాలేజీకి వెళ్తుంది. ఎక్కడికని అడిగితే "పాఠం ఉంది" అంటుంది. "ఆస్పత్రికా?" అని ఎవరైనా నోరు జారారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"ఆస్పత్రికి రోగులెళ్తారు. నేను కాలేజీకెళ్తన్నాను. తేడా తెల్దా?" అని బస్సు వచ్చేదాకా వాయించేస్తుంది.

ఆవిడకి ఎడమ కాలు బోదకాలు. ఇరవై రెండేళ్ళ కిందట పల్లెలో ఫైలేరియా క్యాంపు పెట్టినప్పుడు చంద్రరావు గారనే ప్రొఫెసరు ఆ కాలు చూసి, మా పిల్లలకి పాఠం చెప్పడానికి ఒకసారి కాలేజీకి వస్తావా అమ్మా అని అడిగారు. "నా కాలు నలుగురిలో పెడితే నాకేంటండి లాభం?" అంది పెద్దింట్లమ్మ, సిగ్గూ కోపమూ కలిపి. "వాళ్ళకి చెప్పే పాఠమే నీకూ చెప్తాను. అర్థమయ్యేదాకా చెప్తాను" అన్నారాయన. బడి గుమ్మం తొక్కని మనిషికి ఆ మాట ఎక్కడో తగిలింది. వెళ్ళింది. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా మానలేదు.

మూడో ఏడాది పిల్లలకి చంద్రరావు గారు ఇంగ్లీషులో గంటసేపు చెప్పిందంతా ఆవిడ బజారులో రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఎవరైనా చేపలు బేరం చేస్తూ ఆ కాలికేసి ఓరగా చూశారా, ఇక మొదలు.

"దోమ కుట్టిందనుకోండి, పురుగు లోపలికి దిగుద్ది. ఒంట్లో సన్న కాలవలుంటాయండి, వాటిల్లో కాపరం పెడుద్ది. మరి ఒంటికి కాపలావోళ్ళుంటారు కదా, ఊరుకుంటారా? ఊరుకునేలా చేస్తదండి ఆ మాయదారిది! జోకొట్టి పడుకోబెడుద్ది. అది బతికున్నన్నాళ్ళూ గొడవే లేదు. చచ్చిందా, అప్పుడు లేత్తారు కాపలావోళ్ళు. లేచి ఆ రభసలో కాలవ గట్లన్నీ పాడు చేసేత్తారు. గుర్రపుడెక్క పట్టిన కాలవ చూళ్ళేదా? నీరు దిగదు. కాలు వాచిపోద్ది. ఆయ్, పండుగప్ప ఇమ్మంటారా, బొమ్మిడాయిలా?"

రోగనిరోధక శాస్త్రం ఇంత చక్కగా విన్నాక చేపలు కొనకుండా వెళ్ళడానికి ఎవరికి మొహం చెల్లుతుంది చెప్పండి!

పాఠంలో రెండో సగం కాలిని చూసుకోవడం గురించి. కాలవ ఒకసారి పాడైతే బాగుపడదు. వేళ్ళ సందుల్లో చిన్న పగులున్నా క్రిములు దూరి జ్వరం తెస్తాయి, జ్వరం వచ్చినప్పుడల్లా వాపు పెరుగుతుంది. అందుకని పొద్దునా సాయంత్రం సబ్బుతో కడగాలి, వేలు వేలుకీ మధ్య తడి లేకుండా తుడవాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. డాక్టరు కాబోయే పిల్లలు దీన్ని పరీక్ష అవగానే మర్చిపోయారేమో కానీ పెద్దింట్లమ్మ మర్చిపోలేదు. కొడుకు పెళ్ళిలో తలంబ్రాల వేళకి కనబడకపోతే ఊరంతా వెతికారు. పెరట్లో కూర్చుని వేళ్ళ సందులు తుడుచుకుంటోంది. "నా మొహాన్ని ఏనాడైనా అంత శ్రద్ధగా చూశావా" అని మొగుడు పోతురాజు ఇప్పటికీ దెప్పుతాడు.

కాలేజీలో ఆవిడ హోదా వేరు. అక్కడ ఆవిడ 'కేసు'. ఆ రోజే పాఠమయ్యాక పెట్టే ప్రాక్టికల్ పరీక్షల్లో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కాలు పరీక్షించి జబ్బేమిటో చెప్పాలి. అడక్కుండా చీర కుచ్చిళ్ళు పైకి లాగినవాడికి కళ్ళెర్రజేయడం తప్ప ఇంకేమీ దక్కదు. "అమ్మా, చూడొచ్చా?" అని అడిగినవాళ్ళకి మాత్రం పెదవులు కదలకుండా అందించేస్తుంది. "ముందు జొరం, తర్వాత వాపు. గజ్జల్లో బిళ్ళ కట్టింది. రాసుకో నాన్నా." అలా పాసైన డాక్టర్లు జిల్లా అంతా ఉన్నారని ఆవిడ లెక్క. నాకైతే అనుమానం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కష్టం ఎక్కడొచ్చిందంటే, కాలవ బాగుపడకపోయినా చెప్పినట్టు చేస్తే వాపు తగ్గుతుంది కదా! తగ్గింది. ఏడాదికింతని తగ్గుతూ వచ్చింది. చంద్రరావు గారు టేపు పెట్టి కొలిచి మురిసిపోయేవారు. ఆయన రిటైరైపోయారు. ఈ ఏడాది పాఠం కొత్త మేడమ్ ఆశాజ్యోతి గారిది. అటెండరు రాజ్ కుమార్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మేడమ్ గారు ముందు ఫొటో పంపమంటున్నారండి. వాపు బాగా కనబడితేనే రమ్మంటారంట."

పెద్దింట్లమ్మ ఫోన్ పక్కన పెట్టింది. కాలు చూసుకుంది. చీలమండ దగ్గర కాస్త దళసరి, అంతే. ఎవరైనా చూస్తే చెప్పులు బిగువేమో అనుకుంటారు. ఈ కాలుకి ఎవరు పిలుస్తారు? పిలవకపోతే తనెవరు? చేపలమ్మే ఆడమనిషి, అంతేగా! జరీ చీర కట్టుకునే ఆ ఒక్క రోజు పోతుంది. తన పాఠం పోతుంది.

అప్పుడు ఆవిడ ఒక తెలివితక్కువ పని చేసింది. కాలు కడగడం మానేసింది. పొద్దుటినుంచి సాయంత్రందాకా బజారులో నిలబడే ఉంది, తడి కాళ్ళతోనే ఇంటికొచ్చింది, మంచం మీద కాలు కిందికి వేలాడదీసి కూర్చుంది. కోడలు రాణి "ఒంట్లో బాలేదా అత్తయ్యా?" అంటే కసిరింది. మూడు రోజులు అలా లాక్కొచ్చింది. నాలుగో రోజు నూతి దగ్గర గిన్నెలు తోముతూ తోముతూ చూసుకునేసరికి కాలు కడిగేసి తుడిచేసి ఉంది. చేతులు ఊరుకోలేదు పాపం.

ఇక మిగిలింది చేపలమ్మేవాళ్ళ విద్య. గంపలో పెద్ద చేప పైకి పెట్టి, మొప్పలు ఎర్రగా కనబడేలా తిప్పి పెట్టడం ఆవిడకి ఎవరు నేర్పాలి? రాణిని నేల మీద పడుకోబెట్టి, ఫోన్ కాలికి జానెడు దూరంలో పెట్టించి, "కింద నుంచి తియ్యవే, కింద నుంచి!" అని పది ఫొటోలు తీయించింది. పదోదాంట్లో కాలు గుడి స్తంభంలా వచ్చింది. పంపారు. "గురువారం పది గంటలకి రండి" అని కబురొచ్చింది.

గురువారం పక్క గదిలో ఆశాజ్యోతి గారు కాలు చూశారు. బొటనవేలితో నొక్కారు. సొట్ట పడలేదు. ఫోన్‌లో ఫొటో చూశారు, మళ్ళీ కాలు చూశారు.

"అమ్మా, ఫొటోలో ఉన్న కాలేదండి?"

"అదేనండి ఇది. బస్సులో వచ్చేసరికి కొంచెం తగ్గిందండి."

మేడమ్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నారు. "మీకు చాలా బాగైందమ్మా. నిజంగా సంతోషం. కానీ కేసుకి పనికిరాదు. పిల్లలకి పెద్ద వాపు చూపించాలి కదా. టీ తాగి వెళ్ళండి, నేను స్లైడుతో చెప్పేస్తాను."

రాజ్ కుమార్ టీ తెచ్చి పెట్టాడు. అది చల్లారిపోయింది. ఇరవై రెండేళ్ళు చెప్పినట్టు విన్నందుకు ఇదా బహుమానం? పెద్దింట్లమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని లేచింది. గేటుకేసి వెళ్ళాల్సిన మనిషి కాళ్ళీడ్చుకుంటూ క్లాసు వెనక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. చివరిసారి విని పోదామని.

లోపల తెర మీద ఒక కాలు. తెరంత కాలు. చర్మం బండబారి, మడతలు పడి, వేళ్ళు వాపులో కూరుకుపోయి ఉన్నాయి. "స్త్రీ, ముప్పై ఆరేళ్ళు" అంటున్నారు మేడమ్. అయ్యో, ఏ తల్లి కన్న బిడ్డో, ఎలా నడిచిందో పాపం అనుకుంది పెద్దింట్లమ్మ. అప్పుడు మోకాలి కింద కాలిన మచ్చ కనబడింది. కొత్త కాపురంలో చేపల పులుసు దాక ఒలికి పడిన మచ్చ.

"ఆగండమ్మా!" అని అరిచేసింది. నూట యాభై తలలు వెనక్కి తిరిగాయి. పెద్దింట్లమ్మ మెట్లు దిగుతూ తిన్నగా తెర దగ్గరికి వచ్చింది. "అది నా కాలండీ, మొదటిసారి వచ్చినప్పుడు తీసిన ఫొటో అండి. ఆ మనిషిని నేనేనండి."

ఎవరూ నమ్మలేదు. ఆవిడ చీర కాస్త ఎత్తి మచ్చ చూపించింది. ఆశాజ్యోతి గారు తెరకేసి, కాలుకేసి నాలుగుసార్లు చూశారు.

"మీరు నన్ను పిలవరేమోనని మూడు రోజులు కడగలేదండి నేను" అంది పెద్దింట్లమ్మ. "మళ్ళీ ఆ కాలే కావాలనుకున్నాను. చూడండి, దాన్ని చూడండి! నా బుద్ధి గడ్డి తినలేదూ?" అని అందరిముందూ బావురుమంది.

ఆశాజ్యోతి గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. తర్వాత అన్నారు: "ఆ కాలు ఈ కాలు ఎలా అయిందో నేను పుస్తకంలో చదివానమ్మా, చూడలేదు. మీరే చెప్పండి."

రాజ్ కుమార్ అలవాటు ప్రకారం కేసుని కూర్చోబెట్టే బల్ల లాక్కొచ్చాడు. మేడమ్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, తన కుర్చీ తెచ్చి మైకు ముందు వేశారు. తను వెళ్ళి ముందు వరుసలో పిల్లల పక్కన కూర్చున్నారు.

పెద్దింట్లమ్మ కళ్ళు తుడుచుకుని, జరీ అంచు సర్దుకుని కుర్చీ దగ్గరికి నడిచింది. ఒక్కసారిగా బెంచీలన్నీ చప్పుడయ్యాయి. నూట యాభై మందీ లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు.

ఎవరో పెద్ద డాక్టరు గారు వచ్చారనుకుని పెద్దింట్లమ్మ ఒదిగి నిలబడి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.