పదహారు తాళ్ళ జడ

మా ఇంట్లో మాట కంటే ముందు చెయ్యి లేచేది. నాన్న నన్ను బెల్టుతో కొట్టేవాడు. ఆయన్ని వాళ్ళ నాన్న చర్నాకోలతో కొట్టేవాడట. నేను సాలూరులో ఇంటర్ కాలేజీ పిల్లల్ని డస్టరుతో కొట్టేవాణ్ణి. అది తప్పని ఎవరూ అనలేదు. పైగా "మావాడికి నాలుగు తగిలించండి మాస్టారూ" అని అప్పజెప్పి వెళ్ళేవాళ్ళు. అలాంటి నేను కొట్లాటలు ఆపడానికని కోలాటం పెట్టాను. దెయ్యాలు వేదాలు వల్లించినట్టుందని ఇప్పుడు నాకే అనిపిస్తుంది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవి అది. లారీ షెడ్లలో పనిచేసే కుర్రాళ్ళకీ, డిగ్రీ చదివే కుర్రాళ్ళకీ బస్టాండు దగ్గర పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మొదట ఎవరో ఎవరి బండికో అడ్డం వచ్చారన్నారు. తర్వాత కారణం కూడా అక్కర్లేకపోయింది. ఒక షెడ్డు కుర్రాడికి ముందు పళ్ళు రెండు రాలాయి. వారం తిరక్కుండా నా పాత విద్యార్థి మోచేతిని వీల్ స్పేనరుతో విరగ్గొట్టారు. వాణ్ణి ఆటోలో ఎక్కించింది నేనే. ఎముక చర్మం కింద నుంచి పొడుచుకొస్తోంది, వాడు మాత్రం నొప్పి గురించి మాట్లాడటం లేదు, ఎవణ్ణి చంపాలో చెబుతున్నాడు.

మా అక్క మొగుడు లారీ డ్రైవరు. రాయ్‌పూర్ రూటు. షెడ్ల దగ్గర ఆయన మాటకి ఎదురులేదు. శని ఆదివారాలు రెండు రోజులు, అటు ఎనిమిది మంది ఇటు ఎనిమిది మంది, ఆడా మగా కలిసి కోలాటం నేర్చుకుంటారని చెప్పగానే పగలబడి నవ్వాడు.

"ఒరే, కొట్టుకు సస్తన్నోళ్ళకి నువ్వు కర్రలు కూడా సేతికిస్తావేట్రా?"

"కర్రని కర్రతో కొట్టాలి గాని మనిషిని కొట్టకూడదని నేర్పుతాను బావా."

"నువ్వు నేర్పుతావా? సరే గానీ, మా షెడ్డోళ్ళ ఎనిమిది మందిలో నేనూ మీ అక్కా కూడా ఉంటాం. కోలాటం ఒక్క పాలి కూడా ఆడనేదని పెళ్ళయిన కాడి నుంచి దాని గోల."

ఆయన నోరు పెద్దది. అక్క మీద కూడా నలుగురిలో గొంతు పెంచేవాడు. చెయ్యి చేసుకున్నాడని అక్క ఎప్పుడూ చెప్పలేదు. అయినా మా ఇంట్లో పెరిగిన నాకు, గొంతు లేచిందంటే వెనకాల చెయ్యి ఉంటుందనే లెక్క. ఆ అనుమానం నాకు పెళ్ళినాటి నుంచీ ఉంది.

పాతపట్నం వైపు పల్లె నుంచి ఒక గురువుని పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి, అందరూ తాత అనేవాళ్ళు. శనివారమంతా లారీ బాడీలు కట్టే షెడ్డులో చిన్న చిన్న కోపులు, అంటే కోలాటం వరసలు, నేర్పాడు. ఎదురుపడిన వాడి కర్రని కొట్టి, పక్కకి తప్పుకుని, తర్వాతి వాడి కర్రని కొట్టాలి. సాయంత్రానికి అందరి వేళ్ళూ కమిలిపోయాయి. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. కోడికూర భోజనాల దగ్గర రెండు జట్లూ ఒకే వరసలో కూర్చున్నాయి. నేను గెలిచేశాననుకున్నాను.

ఆదివారం జడకోపు. ఇంజన్లు పైకెత్తే చైన్ పుల్లీ కొక్కేనికి పాత లారీ స్టీరింగు ఒకటి వేలాడదీసి, దానికి పదహారు తాళ్ళు కట్టాం. చదువుకునేవాళ్ళ జట్టులో ఎనిమిదో తాడు నాది. ఎడమచేతిలో తాడు, కుడిచేతిలో కర్ర. ఎనిమిది మంది కుడివైపు, ఎనిమిది మంది ఎడమవైపు తిరుగుతూ, ఒకర్ని లోపలి నుంచీ ఒకర్ని బయటి నుంచీ దాటుతూ, దాటేటప్పుడు కర్రలు కొట్టుకుంటూ పోతే పైన తాళ్ళు జడలా అల్లుకుంటాయి. ఆ తర్వాత వచ్చిన దారినే వెనక్కి ఆడి విప్పాలి. అల్లిన చేతులే విప్పాలి, వేరే చెయ్యి పడకూడదు. విప్పకుండా వదిలితే ఆడినవాళ్ళు మళ్ళీ ఒకచోట కలవరని తాత చెప్పాడు. తాడు ఎప్పుడంటే అప్పుడు వదిలేసేలా ఉండాలని కూడా చెప్పాడు.

"తాడు సేతికి సుట్టుకోండి గాని ముడెయ్యకండి. ఒగ్గీవాలంటే ఒగ్గీసీలాగుండాల."

ఉదయం రెండుసార్లు మొదలుపెట్టాం, రెండుసార్లూ ఎవరో ఒకరు తాడు జారవిడిచారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తాత టీ తాగడానికి బయటికెళ్ళగానే, అందరి మణికట్లకీ ముడివెయ్యమని నేనే చెప్పాను. బావ అందరికీ తనకొచ్చిన ముడి వేశాడు, టార్పాలిన్ మీద తాడు బిగించే లోడు ముడి.

"లాగీ కొద్దీ బిగుస్తాది. రాయ్‌పూర్ దాకా ఎల్లినా ఊడదు," అన్నాడు గర్వంగా.

తాత తిరిగొచ్చి మద్దెల అందుకున్నాడు. ఆయనకి చూపు ఆనదు, మా చేతులు చూడలేదు. ఈసారి ఎవరి తాడూ జారలేదు. జడ మూరెడు అల్లుకుంది, బారెడయింది. జడ పెరిగేకొద్దీ తాళ్ళు పొట్టివై మా ఎడమచేతుల్ని పైకి లాగుతున్నాయి, మేమంతా నడిమికి దగ్గరవుతున్నాం. మద్దెల జోరందుకుంది. బావ "ఎయ్యండ్రా!" అని అరుస్తున్నాడు. నా వైపు తిరుగుతున్నవాళ్ళలో నాకు సరిగ్గా ముందు అక్క ఉంది. బావ ఆమెకి ఎదురొచ్చాడు. ఆయన కర్ర ఆమె కర్ర మీద కాకుండా వేళ్ళ మీద పడింది. అక్క కేకపెట్టింది. "సూసుకోవేటే!" అని ఆయన గద్దించాడు. ఆమె చూపుడువేలు గోరు లేచిపోయి రక్తం కారుతోంది.

తర్వాతి అడుగులో బావ నాకు ఎదురుపడ్డాడు. కర్ర ఎత్తి నా దెబ్బ కోసం చూస్తున్నాడు. నేను ఆయన కర్రని కొట్టలేదు. మొహం మీద కొట్టాను. ఒంట్లో బలమంతా కూడదీసుకుని, ఎడమ కన్ను మీద కొట్టాను. ఆ క్షణంలో నాకు సుఖంగా ఉంది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

బావ చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం జారింది. పక్కనున్న షెడ్డు కుర్రాడు నా దవడ పగలగొట్టాడు. నా పాత విద్యార్థి ఇంకొకడు వాడి మాడు మీద కొట్టాడు. ఇంక ఎవరి కర్ర ఎవరి మీద పడుతోందో తెలియలేదు. మామూలు కొట్లాటలో భయపడ్డవాడు పారిపోతాడు. ఇక్కడ పారిపోవడానికి దారి లేదు. పారిపోదామని గుంజుకున్న కొద్దీ ముడి మణికట్టులోకి దిగింది, గుంజుకున్నవాళ్ళంతా తిరిగి ఒకరి మీద ఒకరు వచ్చి పడ్డారు. ఒకమ్మాయి కర్ర పారేసి, ఒక్క చేత్తో తల కప్పుకుని "నన్నిప్పండి, నన్నిప్పండి" అంటోంది. ఆమె తల మీద కూడా దెబ్బలు పడ్డాయి. పైన స్టీరింగు గిరగిరా తిరుగుతోంది. కట్టేసిన గొడ్లు ఒకదాన్నొకటి పొడుచుకున్నట్టు కొట్టుకున్నాం.

తాత మధ్యలోకి వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. ఆయన్నీ కొట్టారు. షెడ్డు ఓనరు కత్తి తెచ్చి ఒక్కొక్క మణికట్టు దగ్గరా తాడు కోసేదాకా అది ఆగలేదు. నా వంతు వచ్చేసరికి నా వేళ్ళు నల్లబడ్డాయి.

విజయనగరం కంటి ఆసుపత్రిలో ఎలా తగిలిందని బావని అడిగారు. పోలీసులకి రాసిస్తారని అందరికీ తెలుసు. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

"కోలాటమాడతుంటే తగిలినాదండి," అన్నాడు. నా పేరెత్తలేదు.

రెండు ఆపరేషన్లు చేశారు. కన్ను ఉంటుందా పోతుందా అన్నదొక్కటే మా రెండిళ్ళలో మాట. ఒంటికన్నుతో లారీ ఇవ్వరు. లారీ తప్ప ఆయనకి వేరే పని రాదు. అక్క వేలికి కట్టుతో ఆసుపత్రి వరండాలో కూర్చునేది. మూడో రోజు నాతో మాట్లాడింది.

"నేను తప్పు కాలేసినాను. కర్ర ఎత్తాల్సిన కాడ సెయ్యి ఎత్తినాను. ఆయన కొట్టినాది కోపుకే, నన్ను కాదు. ఆయన నా మీద ఏ నాడూ సెయ్యెత్తనేదురా. నువ్వు మన నాన్నని సూసి ఈయన్ని కొట్టినావు."

నాన్న నన్ను కొట్టిన దెబ్బలన్నీ కలిపినా ఆ మాటంత తగల్లేదు.

నెల తిరిగేసరికి ఎడమ కన్ను ఇంక రాదని తేల్చేశారు. షెడ్డులో జడ అలాగే వేలాడుతోంది, కోసిన కొసలు నల్లగా ఎండిన రక్తంతో. ఓనరుకి పుల్లీ కావాలి, కోసి పారేస్తానన్నాడు. బావ ఫోను చేసి వద్దన్నాడు. ఇంజన్లు పక్క షెడ్డు నుంచి గొలుసు తెచ్చుకుని ఎత్తుకున్నారు. విప్పుదాం రమ్మని నేను పదహారు మందిలో చాలామంది ఇళ్ళకి తిరిగాను. కొందరు తలుపు తియ్యలేదు. ఒకరి నాన్న చెప్పు తీశాడు, తియ్యాల్సిందే. చివరికి బావే ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. ఆయన చెబితే వచ్చారు.

అది కూడా ఆదివారమే. తలకి కుట్లున్నవాళ్ళు, చేతికి పట్టీ ఉన్నవాళ్ళు, తల మీద దెబ్బలు తిన్న ఆ అమ్మాయి, అందరూ గోడ వారన నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కొట్లాటలో కింద పడ్డ చిక్కుని తాత చేత్తో విడదీసి, ఎవరి కొస వాళ్ళకి అందించాడు. ఎవరూ ముడి వేసుకోలేదు. మద్దెల నెమ్మదిగా మొదలైంది. వెనకడుగుతో, వెనక దారిన, కర్రకి కర్ర ఆనించి దాటుతున్నాం. జడ కదిలింది. రెండు పేటలు విడింది.

నేను బావకి ఎదురొచ్చాను. కట్టు కట్టిన ఎడమ పక్క నుంచి దాటాలి. కర్ర ఎత్తబోయాను, చెయ్యి లేవలేదు. కర్ర దించేసి ఊరికే పక్కకి జరిగాను. ఆయన కదల్లేదు. నా వెనకవాళ్ళు ఆగిపోయారు, పైన తాళ్ళు మెలిపడ్డాయి. మద్దెల ఆగింది.

"కొట్టరా," అన్నాడు బావ.

నేను తల అడ్డంగా ఊపాను. అటుపక్క ఆయనకి కనపడదని అప్పుడు గుర్తొచ్చింది.

"నా వల్ల కాదు బావా."

"ఒరే, ఈ పక్క నాకేటి కనపడతాది? కర్ర సప్పుడు ఇంటేనే కదా నువ్వొచ్చినావని నాకు తెలిసీది. కొట్టు."

ఆయన కర్ర ఎత్తి, నేనెక్కడున్నానో సరిగ్గా తెలియక, గాలిలో కొంచెం పక్కగా పట్టుకున్నాడు. నేనొక అడుగు జరిగి ఆ కర్ర మీద కొట్టాను. అడుగు తీసి ఆయన నన్ను దాటాడు. పదహారు తాళ్ళూ విడి వేటికవి వేలాడేదాకా, ఆ పక్కకి వచ్చిన ప్రతిసారీ కొట్టాను. అంతకుముందు ఎంతమందిని కొట్టానో లెక్కలేదు గాని, ఏడుస్తూ కొట్టింది ఆ ఒక్క రోజే.