బావ సీడీల బీరువా

మొన్న బస్సులో కడపకు పోతూ దారిలో ఒక జొన్నచేను చూశాను. పిట్టలు వాలకుండా రైతు దారాలు కట్టి, పాత సీడీలు వేలాడదీశాడు. ఎండకు తళతళలాడుతూ తిరుగుతున్నాయి. సీడీలను అంత ప్రయోజకంగా వాడిన మనిషిని చూడటం నాకదే మొదలు. నేనెరిగిన సీడీల ఆసామి మా పెద్దబావ మరి.

బావ మంగంపేట ముగ్గురాయి వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసి కడపలో మేడ కట్టాడు. హాల్లో అద్దాల బీరువా, దాని నిండా సీడీలు: సన్నాయి, వీణ, తత్వాలు, నాటక పద్యాలు. బీరువాకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఇంటికొచ్చిన వాళ్ళను దాని ముందు నిలబెట్టి, కాఫీ చల్లారిపోయేదాకా సంగీతం గురించి చెప్పేవాడు. కడప జిల్లా మొత్తం మీద వినడం తెలిసిన చెవులు తనకే ఉన్నాయని ఆయన నమ్మకం. పాట పెడితే పల్లవి దాటకముందే గురక మొదలయ్యేది, అది వేరే సంగతి. పెళ్ళికి ముందు ఊళ్ళో నాటకమాడితే ముందు వరసలో కూర్చుని, తెల్లారి ఆ పద్యాలన్నీ రాగాలతో సహా నాకు వినిపించిన మా అక్క మాత్రం ఆ బీరువాను ముట్టకూడదు. వేలిముద్రలు పడతాయట.

ఫోన్లలో పాటలు వినడం ఇంకా అందరికీ అలవాటు కాని రోజుల్లో, అక్క బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక నెలల తరబడి వెనక గదిలో మంచమే. చెవుల్లో పెట్టుకుని వినే చిన్న ప్లేయరొకటి కొని, అందులోకి సీడీలు ఎక్కించి ఇమ్మని బావనడిగింది. బావ సరేనన్నాడు, ఎంచే పనిలో పడ్డాడు. నెట్‌లో చదివాడు, బెంగళూరు పోయొచ్చాడు. ఒకదానికి శబ్దం పలచన, ఒకదానికి తెర చిన్నది. పిల్లను చూడబోయి ముక్కు బాగలేదు, నడక బాగలేదని టిఫిను తిని తిరిగొచ్చే పెళ్ళిపెద్దల వాటం. ఒకటి కొని వెనక్కిచ్చేశాడు కూడా. పైగా, పాటను కుదించి ఎక్కిస్తే చెరకు పిప్పే మిగులుతుందని, తన సీడీలను పిప్పి చేయనివ్వనని నాకు ఉపన్యాసం.

నేను కర్నూలు నుంచి చూడబోయిన రోజు అక్క పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. "ఈ ఫ్యాను కిర్రుమనేది గూడా రాగం మాదిరి వినపడతాండాదే నాకు. పిచ్చి పడతాదేమో," అంది.

శివరాత్రికి బావ శ్రీశైలం పోయాడు. నేను మా ఆఫీసు లాప్‌టాప్ తీసుకుని కడపలో దిగి, బస్టాండు దగ్గరి కొట్లో మొదట చూపించిన ప్లేయరే కొన్నాను. తాళం పగలగొడదామంటే, అక్క దిండు కింద నుంచి రెండో తాళంచెవి తీసింది. ఇన్నాళ్ళూ ఎందుకు తీయలేదంటే, ఆయన లేనప్పుడు పాటలు ఎక్కించిపెట్టే మనిషి ఎవరున్నారని నన్నే అడిగింది. బీరువా తెరిస్తే సగానికి పైగా సీడీలకు పైనున్న ప్లాస్టిక్ కాగితం కూడా చించలేదు. ఇంత చెవులున్న మహానుభావుడు అట్టలు చూసి ఆనందించాడన్నమాట. అక్క మంచంలోనే ఒత్తిగిలి, శెనక్కాయలు ఒలిచినట్టు వాటిని తనే ఒలిచింది. నేను ఒక్కొక్కటే లాప్‌టాప్‌లో పెట్టి ప్లేయరులోకి ఎక్కించాను. ఆ పనికి రెండు రోజులు పట్టింది.

బావ నుదుట విభూతితో, చేతిలో ప్రసాదంతో వచ్చేసరికి గది నిండా ప్లాస్టిక్ కాగితాలు. "ఎవురు ముట్టమన్నారు వీటిని? అంతా పిప్పి చేస్తిరి గదా," అని అందుకున్నాడు. నా పెంపకం దాకా పోయాడు. అక్క ప్లేయరు చెవుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటోంది. చాలాసేపటికి ఆయన నీడ మీద పడినట్టుంది, ఒక చెవిలోది తీసి నెమ్మదిగా అంది:

"ఏమో అంటాండావు. ఈ పద్యం అయిపోనీ, ఆమీట చెప్పు."

మళ్ళీ చెవిలో పెట్టుకుంది. ప్రసాదం ఎవరికివ్వాలో తెలియక బావ అలాగే నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆయన మాటకు పాట అడ్డురావడం అదే మొదటిసారి.

అక్క తర్వాత లేచి నడిచింది, ప్లేయరు నడుముకు దోపుకునే వంట చేసింది. బావ బీరువాకు కొత్త తాళం వేశాడు, ఒక్కటే తాళంచెవి ఉన్నది చూసి మరీ. ఇప్పటికీ దాని ముందు నిలబడి చెబుతుంటాడు, వినేవాళ్ళే లేరు. అన్నీ భద్రంగా దాచుకున్నానని ఆయన ధీమా. పాటలైతే దాగుతాయి, వాటిని వినాల్సిన ఏళ్ళు మాత్రం ఎవరు తాళం వేసినా ఆగవు.