మామిడిపండ్ల గదికి నేను పెట్టిన బెల్లు

అరవైల్లో, ట్రాన్సిస్టర్లు నూజివీడుకి కొత్తగా వస్తున్న రోజుల్లో, నాకు రేడియో రిపేరు కొట్టు ఉండేది. తెలిసింది తక్కువ, ముక్కు మీద కోపం ఎక్కువ. "ఇది పనిచేస్తుందా?" అని ఎవరైనా అడిగితే చాలు, రేడియో వాళ్ళ చేతిలో పెట్టి పంపేసేవాణ్ణి.

ఒక వేసవిలో మామిడికాయల షావుకారు గారొకరు నన్ను పిలిపించారు. వరిగడ్డిలో రసాలు పేర్చి, పొగ పెట్టి, తలుపు మూసి మాగేసే గది ఉంది ఆయనకి. మధ్యలో ఎవరైనా తలుపు తీస్తే వేడి పోయి కాయ చెడుతుంది. రోజూ తెల్లారగానే ఒక పెద్దావిడ మాత్రం లోపలికెళ్ళి, వాసన చూసి, ఇంకెన్నాళ్ళకి పండుతాయో చెప్పేది. తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉండేది. తలుపు తీస్తే ముందు కొట్లో బెల్లు మోగాలని షావుకారు గారి కోరిక.

తలుపు చట్రానికి లోపలివైపు రెండు రేకుముక్కలతో స్విచ్ బిగించాను. తలుపు మూసి ఉన్నంతసేపూ రేకులు తగిలి ఉంటాయి, బెల్లు ఊరుకుంటుంది. తీస్తే విడిపోతాయి, బెల్లు మోగుతుంది. రేకుల గుండా ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉండాలి కాబట్టి, సెల్లులు తొందరగా అయిపోకుండా లక్ష ఓముల రెసిస్టర్ వేశాను. దాంతో పారేది బొట్టు కరెంటే. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. పైగా నోరు ఊరుకోదు కదా, "మనుషులు అబద్ధం చెప్పొచ్చేమో గానీ, నా బెల్లు చెప్పదండీ" అన్నాను.

వారం తిరక్కుండా బెల్లు పట్టపగలు మోగింది. మర్నాడు రెండుసార్లు మోగింది.

"నేను తియ్యలేదండయ్యా," అంది పెద్దావిడ.

"మరి బెల్లెందుకు మోగుద్ది?" అంటూ షావుకారు గారు తాళంచెవి తీసేసుకున్నారు. రేపట్నించి తోటలో కాయలు ఏరుకోమన్నారు.

ఆవిడ తిన్నగా నా కొట్టుకొచ్చింది. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు బాబూ. నీ బెల్లు అనేసింది. వచ్చి చూడు."

నా పనికే వంకా అని ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను. తాళం నా కళ్ళముందే వేలాడుతోంది, అవతల బెల్లు మోగుతోంది.

షావుకారు గారి చేత తలుపు తీయించి చూశాను. పొగా చెమ్మా కలిసి రేకుల మీద గోధుమరంగు పొర కట్టాయి. తుడిస్తే రెండ్రోజులకి మళ్ళీ కడుతుంది. నేను పంపే బొట్టు కరెంటుకి ఆ పొరని దాటే సత్తా లేదు. అది ఆగితే బెల్లుకి తలుపు తీసినట్టే లెక్క. సిగ్గుతో తల వంగిపోయింది.

"చేలో నీళ్ళు పారే బోదెలో చెంబుడు నీళ్ళు పోస్తే గడ్డి దగ్గరే ఆగిపోతాయి కదండీ. ఇంజను నీళ్ళయితే గడ్డిని తోసుకుపోతాయి. నేను చెంబుడే పోశాను. అబద్ధం చెప్పింది నా బెల్లేనండీ," అన్నాను షావుకారు గారితో.

లక్ష తీసేసి వెయ్యి ఓములది వేశాను. సెల్లులు మాటిమాటికీ మార్చాలి, మారుస్తానన్నాను. తలుపు మూశాం. మూడు రోజులు చూశాం, కిక్కురుమనలేదు.

నాలుగోనాడు షావుకారు గారు తాళంచెవి అందించబోతే పెద్దావిడ అందుకోలేదు. "ఈ బాబు చేత్తో ఇప్పించండయ్యా," అంది. రెండు చేతులా ఇచ్చాను. ఆవిడ నిదానంగా తాళం తీసి తలుపు నెట్టింది. ముందు కొట్లో బెల్లు గణగణలాడింది. గడప మీద ఆగి మా ఇద్దరి వైపూ తిరిగింది.

"ఇప్పుడు తీశానండయ్యా."