ఎడమ చేతి బ్రేకు

దేవదాస్ మొదటిసారి నా షాపుకు వచ్చినప్పుడు మనిషికంటే ముందు గొంతు వచ్చింది. ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ మగ్గాల మధ్య పని చేసినవాళ్ళందరిదీ అదే గొంతు. మగ్గాల చప్పుడు దాటి వినపడాలి కదా, అందుకని ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా వాగు అవతల ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు.

"కొండలన్నా! కారు లైసెన్సుకు ఏమేం కావాలె?"

నాది బస్టాండు వెనుక జిరాక్సు షాపు. ఆధార్ కార్డులు, కరెంటు బిల్లులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, లైసెన్సు టెస్టుల స్లాట్లు అన్నీ నా కంప్యూటర్ మీదుగానే పోతాయి. స్లాటు బుక్ చేస్తే ప్రభుత్వానికి కట్టేది కాక నాకు రెండు వందలు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇకముందు నేను తిట్టబోయేవాళ్ళలో నేనూ ఉన్నాను.

నలభై ఆరేళ్ళ మనిషికి ఇప్పుడు కారెందుకని అడిగాను. కుర్చీ లాక్కుని కూర్చుని, వీధి వీధంతా వినేటట్టు చెప్పాడు.

అతను పని చేసేది రాంచందర్ షెడ్డులో. రాంచందర్ ఆసామి, అంటే మగ్గాలన్నీ ఆయనవి, వాటిమీద నేసే చేతులు వేరేవాళ్ళవి. ఇరవై నాలుగు మగ్గాల్లో పదహారు రెండేళ్ళుగా మూగబోయి ఉన్నాయి. గుడ్డకు ఆర్డర్లు లేవు. మిగిలిన ఎనిమిదింటినీ దేవదాస్ ఒక్కడే నడుపుతున్నాడు. దసరా కాగానే అవీ తుక్కు కింద పోతాయని, బేరం కూడా అయిందని రాంచందర్ చెప్పేశాడు. చెబుతూనే ఒక ఆశ కూడా పెట్టాడు. ఆయనకు కళ్ళ ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ పట్టుకోవడం మానేశాడు. కరీంనగర్‌లో బిడ్డ ఇంటికీ, ఆస్పత్రికీ వారానికి మూడుసార్లు పోవాలి.

"లైసెన్సు తెచ్చుకో, నువ్వే నా డ్రైవర్వు అన్నడన్నా. నెలకు పదమూడు వేలు. దసరా దాక చూస్తడట. అప్పటికి గాకపోతె ఇంకొకర్ని పెట్టుకుంటడట."

"మరి ఆయన కారు మీదనే నేర్చుకోరాదా?"

"గదే అడిగిన. 'నా బండి మీద నేర్సుకొని గీతలు వెడ్తవా' అన్నడు."

చూశారా పెద్దమనిషిని. కొలువు ఇస్తాడట, బండి మాత్రం ముట్టుకోనివ్వడట. ఇక మా ఊళ్ళో మిగిలింది ఓంప్రకాశ్ ఒక్కడే. ఊరంతటికీ ఒకే డ్రైవింగ్ స్కూలు, ఆ స్కూలుకు ఒకే కారు. నెత్తిన ఎర్ర ఎల్ బోర్డు, ఎడమ సీటు కింద నేర్పేవాడి కోసం ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు. ఇరవై రోజులకు ఆరు వేలు. రోజుకు అర్ధగంట. ఆ అర్ధగంటలో పెట్రోలు బంకు దగ్గర ఆగేదీ అదే, ఓంప్రకాశ్ ఫోను మాట్లాడేదీ అదే, ముందువాణ్ణి ఇంటి దగ్గర దించి వచ్చేదీ అదే. వెనుక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి 'చూస్తూ నేర్సుకోండ్రి' అంటాడు. చూసినందుకు కూడా ఒక రోజు లెక్కలో కొట్టేస్తాడు. ఆరు వేలకు చేతికి స్టీరింగ్ వచ్చేది ఎన్ని నిమిషాలో ఎవరూ అడగరు. అడిగితే వేరే స్కూలుకు పొమ్మంటాడు. ఆ వేరే స్కూలు కరీంనగర్‌లో ఉంది.

దేవదాస్ భార్య వినోద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఆ ఆరు వేలలో రెండు నెలల బీడీల కూలి ఉంది. "గీ మనిషి కారు నడిపేదాక నేను చాటలకెళ్ళి లెవ్వ" అని ఆమె అన్నదట. దేవదాస్ ఆ మాట నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

క్లాసులు మొదలయ్యాక రోజూ పొద్దున షెడ్డుకు పోతూ నా దగ్గర ఆగేవాడు. ఆ వార్తలు మా బజారంతా వినేది.

"బండి మస్తు మెత్తగ ఉందన్నా! నా కాలు పోకముందుకే పెడలు కిందికి పోతది. అనుకోంగనే ఆగుతది!"

ఇద్దరం సంతోషపడ్డాం. మంచి బండి అనుకున్నాం. నాకూ కారు రాదు. పదేళ్ళుగా కొన్ని వందల మందికి స్లాట్లు బుక్ చేశాను గానీ, బుక్ చేసేవాడికి కారు రావాలని ఎక్కడా రాసి లేదు.

ఇంకో రోజు మాత్రం ఎడమ చేతి వేళ్ళు రుద్దుకుంటూ వచ్చాడు.

"ఏదన్న అడ్డమొస్తె నా ఎడమ చెయ్యి లేస్తుందన్నా. పోయి హ్యాండ్ బ్రేకు మీద పడుతుంది. ఓంప్రకాశ్ సారు చేతి మీద ఒక్కటిస్తుండు."

ఎందుకు లేస్తుందో మగ్గం చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పోగు తెగిందంటే ఎడమ చేత్తో హ్యాండిల్ లాగాలి. అప్పుడే మగ్గం ఆగుతుంది, తెగిన పోగు అతకొచ్చు. ఆపకపోతే అటూ ఇటూ పరుగెత్తే నాడె పోగుల్లో ఇరుక్కుని మిగతావాటినీ తెంపేస్తుంది. ఎనిమిది మగ్గాల మధ్య తిరిగే మనిషికి కన్ను చూడడం, చెయ్యి లాగడం ఒకటే పని. మధ్యలో ఆలోచన ఉండదు. ముప్పై ఏళ్ళు అలా ఆపినవాడికి కారులో కూడా సరిగ్గా ఎడమ చేతి కిందే ఒక హ్యాండిల్ కనపడింది. చెయ్యి ఊరుకుంటుందా? నేర్పేవాడైతే 'ఎందుకట్ల?' అని ఒక్కసారి అడిగేవాడు. ఓంప్రకాశ్ చేతి మీద కొట్టి ఫోను ఎత్తుకున్నాడు.

ఇరవై రోజులు అయిపోయాయి. "నీకింక చెయ్యి తిరుగలే. ఇంకో పది రోజులు రా, మూడు వేలు" అన్నాడు ఓంప్రకాశ్. ఇదీ అందరికీ చెప్పేదే. నా షాపుకు వచ్చినవాళ్ళలో ఇరవై రోజుల్లో చెయ్యి తిరిగినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. దేవదాస్ మూడు వేలూ కట్టాడు. టెస్టుకు స్లాటు దొరికింది, నా రెండు వందలు నేను తీసుకున్నాను.

టెస్టు రోజు "జర తోడు రా అన్నా, గుండె దడదడ అంటుంది" అన్నాడు. షట్టరు దించి పోయాను. టెస్టుకు బండి ఓంప్రకాశ్‌దే, దానికి కిరాయి వెయ్యి వేరే. మామూలుగా ఓంప్రకాశ్ ఎడమ సీట్లోనే కూర్చుంటాడు, ఇన్‌స్పెక్టర్ బయట నిలబడి చూస్తాడు. ఆ రోజు వచ్చినాయన కొత్తగా బదిలీ మీద వచ్చాడు. ఓంప్రకాశ్‌ను దిగమని తానే ఎక్కి కూర్చున్నాడు.

"నేను కాళ్ళు దగ్గరికి పెట్టుకుంటున్న. తొక్కేదంతా నువ్వే తొక్కాలె" అన్నాడు.

కారు మూడుసార్లు ఎగిరి మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి కదిలింది. మలుపు దగ్గర ముందు పోతున్న టెస్టు బైకు ఆగింది. నేను టెస్టు మైదానం చుట్టూ కట్టిన తాడు ఇవతల నిలబడి చూస్తున్నాను. కారు ఆగడం లేదు. ఒక్కసారిగా వెనుక చక్రాలు బిగుసుకుపోయి కీచుమన్నాయి, బండి అడ్డం తిరిగి బైకుకు జానెడు దూరంలో నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ కోప్పడలేదు. నెమ్మదిగానే అడిగాడు. "బ్రేకు ఎక్కడుందయ్యా?"

దేవదాస్ ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. హ్యాండ్ బ్రేకు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

ఫెయిల్.

బయటికి వచ్చాక అతను ఓంప్రకాశ్ దగ్గరికి పోయాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ రెండు మాటలు కలుపుదామని సిద్ధంగా ఉన్నాను. కానీ చాలా మెల్లగా అడిగాడు.

"సార్, గీ ముప్పై రోజులల్ల బ్రేకు నేను ఎన్నడన్న తొక్కిన్నా?"

"నువ్వు తొక్కెదాక ఆగితె నా బండి ఉంటదా? బంపరు పైసలు నువ్విస్తవా?" అన్నాడు ఓంప్రకాశ్. "గింతదానికి పరేషాన్ ఎందుకు? ఇంకో పది రోజులు రా. నీకైతె రెండున్నర వేలకు చేస్త."

నా ఒళ్ళు మండిపోయింది. తొమ్మిది వేలు పోసి ఈ మనిషి కొనుక్కున్నది ఓంప్రకాశ్ కాళ్ళు. క్లచ్చు ఆయనే తొక్కాడు, బ్రేకు ఆయనే తొక్కాడు, దేవదాస్ స్టీరింగ్ పట్టుకుని తానే నడుపుతున్నాననుకున్నాడు. ఆ మాట ఓంప్రకాశ్ మొహం మీదే అన్నాను. "నువ్వు మాత్రం స్లాట్లు ఊకెనే చేస్తున్నవా?" అన్నాడు.

దసరా ఇంకా నెల కూడా లేదు. మళ్ళీ టెస్టుకు నేను స్లాటు చూసిపెట్టాను. ఇంకో పది రోజుల క్లాసులకు దేవదాస్ దగ్గర డబ్బుల్లేవు, అడగడానికి వినోద దగ్గర మొహం చెల్లలేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత స్లాటు కాగితం ఇవ్వడానికి షెడ్డుకు పోయాను. లోపల మాట వినపడదు, సైగలే. ముందు నాకు అర్థం కాలేదు. ఎనిమిది మగ్గాల ముందూ నేల మీద చాక్‌పీసుతో రెండేసి గడులు గీసి ఉన్నాయి. అయిదో మగ్గం మీద పోగు తెగింది. దేవదాస్ అక్కడికి పోయి ముందు కుడికాలు ఒక గడి మీద, ఎడమకాలు రెండో గడి మీద అదిమి తొక్కాడు. అప్పుడు గానీ చేత్తో హ్యాండిల్ లాగలేదు. ఆగిన మగ్గం మీద పోగు అతికి, నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"కుడిది బ్రేకు, ఎడమది క్లచ్చు. పోగు తెగుడు ఫిరీ గదన్నా! దినానికి వంద మాట్ల తెగుతది. ఓంప్రకాశ్ సారు కాడ వంద బ్రేకులకు ఎంతయితది, లెక్క చెప్పు!"

పగలబడి నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. ఇన్నాళ్ళలో ఆ ఓంప్రకాశ్‌కు పైసా ముట్టకుండా బ్రేకు నేర్చుకున్న మొదటి మనిషి అని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఊళ్ళో నలుగురికి చెప్పాను కూడా.

టెస్టు దసరాకు అయిదు రోజుల ముందు పడింది. బండి కిరాయి మళ్ళీ వెయ్యి, తప్పదు. ఇన్‌స్పెక్టర్ ఆయనే. గుర్తుపట్టాడేమో, ఎక్కగానే హ్యాండ్ బ్రేకు వైపు ఒకసారి చూశాడు. కారు ఒక్కసారే ఆగి, మళ్ళీ కదిలింది. మలుపు తిరిగాక ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టుండి "ఆగు!" అని గట్టిగా అరిచాడు. కారు నిలబడిపోయింది. దేవదాస్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. తాడు ఇవతల నేను చప్పట్లు కొట్టాను.

పాస్.

మిఠాయి పెట్టించమని హోటల్‌కు లాక్కుపోయాను. వచ్చాడు గానీ, మొహంలో గెలిచిన కళ లేదు. స్వీటు ముట్టుకోలేదు. జేబులోంచి రెండు వందలు తీసి నా ముందు పెట్టాడు, ఈసారి స్లాటుకు నేను అడగకపోయినా. వద్దని వెనక్కి తోశాను. తీసుకోలేదు.

"ఏమైంది? రాంచందర్ మాట మార్చిండా?"

"లేదన్నా. దసరా మర్నాడే రమ్మన్నడు."

"మరి?"

టీ గ్లాసు పక్కకు జరిపి ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. కొంతసేపు దాన్నే చూశాడు. మాట్లాడినప్పుడు పక్క బల్లకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడాడు.

"నిన్న నాలుగో మగ్గం మీద పోగు తెగిందన్నా. కాలుతోని తొక్కిన. తొక్కి నిలవడ్డ. మగ్గం ఆగుతదని చూస్తున్న. ఆగుతలేదు. ఎందుకు ఆగుతలేదో సమజ్ కాలే. నాడె పోయి ఇరికి, జానెడు మందం పోగులన్ని పటపట తెగినయి. రాంచందర్ సేటు ఉరికొచ్చి తనే హ్యాండిల్ గుంజిండు. 'నువ్వు డ్రైవర్వయినవ్ పోరా' అని నవ్విండు. ఖరాబైన గుడ్డ నా కూలిల పట్టుకుంటడట."

ఇన్నేళ్ళలో ఆ మగ్గాల మీద దేవదాస్ పోగులు తెంపాడని నేను ఎన్నడూ వినలేదు. నోటికొచ్చిన మాట అనేశాను.

"ఊకో దేవదాసూ. అయిదొద్దులైతె మగ్గాలే ఉండయి. పోయేటియే గద, ఫికర్ ఎందుకు?"

అతను ఆ చేతి వేళ్ళు ఒకసారి ముడిచి, మళ్ళీ చాచాడు.

"మగ్గాలు పోతయని ఎర్కేనన్నా" అన్నాడు. "చేతిల పనన్న నా కాడ ఉంటదనుకున్న."