ఇస్త్రీ అక్క ఇంటి మనిషి

మా వీధిలో ఇస్త్రీ అక్కకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. దాంతో పిలిచినవాళ్ళని మాత్రం నేనెరగను. భర్త పోయాక ఇంటి ముందుగదిని కొట్టు చేసుకుంది. పాత దుప్పట్లు మందంగా పరిచిన బల్ల, దాని మీద బరువైన ఇస్త్రీపెట్టె, గోడ పొడుగునా బట్టల మూటలు. పిల్లలు లేరు. వెనకగదిలో మంచం ఊరికే పడి ఉండేది. మనిషి మాట కరుకు, మనసు వెన్న. "ఈ చొక్కాకి ఇస్త్రీ ఎందుకయ్యా, సాగనంపక" అని మొహం మీదే అనేసేది. అన్నాక, ఊడిన గుండీ కూడా కుట్టి మరీ ఇచ్చేది.

మందుల షాపు పై మేడలో ఒక ఆసరా కేంద్రం ఉండేది. మానసిక జబ్బుతో ఏళ్ళ తరబడి పెద్దాసుపత్రిలో ఉండి, నెమ్మదించాక కూడా తీసుకెళ్ళే దిక్కులేక అక్కడే మిగిలిపోయినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని ఒక్కొక్కరినీ మామూలు ఇళ్ళలో ఉంచి, మందులూ మంచీచెడ్డా కనిపెట్టి చూడటం ఆ కేంద్రం పని. పెట్టుకున్న ఇంటికి ఎంతో కొంత ఖర్చులిస్తారు. అక్కడి నర్సమ్మ ఇస్త్రీకి బట్టలు వేయడానికి వచ్చి, మాటల మధ్య ఈ సంగతి చెప్పింది. ఆవిడ బట్టలు తీసుకోవడానికి మళ్ళీ వచ్చినప్పుడు, ఆ మనుషులు కొడతారా అని అక్క అడిగింది. అదంతా జనం భయమేనంది నర్సమ్మ. వాళ్ళే మనల్ని చూసి బెదిరిపోతారట.

"అయితే ఒకర్ని తీసుకురా. నా అడుగుల చప్పుడు నేనే వినలేక చస్తున్నాను" అంది అక్క.

అలా వచ్చాడు అతను. నలభై దాటిన మనిషి, బక్కగా, చంకలో ఒక సంచీతో. వయసులో ఉండగా ఆసుపత్రిలో చేర్చిపోయారు, మళ్ళీ ఎవరూ తొంగిచూడలేదు. మొదటి పూట అక్క అన్నం వడ్డించి పిలిస్తే, కంచం రెండు చేతులతో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. కూర్చోవయ్యా అంటే కూర్చోడు. ఆసుపత్రిలో లాగా వరసలో నిలబడుతున్నాడని ఆవిడకి కాసేపటికి గానీ తట్టలేదు. ముందూ వెనకా ఎవరూ లేని వరస. ఆ పూట తనూ కంచం పట్టుకుని అతని వెనక నిలబడి, "మన వంతు వచ్చేసింది, పద" అని చెప్పి కూర్చోబెట్టింది.

వీధి ఊరుకుంటుందా? ఎదురింటావిడ పిల్లల్ని గుమ్మం దాటనివ్వలేదు. కొందరు బట్టలు వేరే కొట్టుకి మార్చుకున్నారు. అక్క ఎవర్నీ బతిమాలలేదు. కాలు విరిగినవాణ్ణి చూస్తే అయ్యో అంటారు, మనసు విరిగినవాణ్ణి చూస్తే తలుపేసుకుంటారు అని ఒకసారి వీధి మొత్తానికి వినబడేలా అని, తన పనిలో తను పడింది.

అతనికి పెరటి పంపు మాట్లాడినట్టు వినిపించేది. నీళ్ళు వదిలితే చాలు, ముడుచుకుపోయి గొణిగేవాడు. దాన్ని కాదని వాదించొద్దు, అవునని వంత పాడొద్దు అని నర్సమ్మ నేర్పింది. అక్క దానికి తన మాటలు తను కూర్చుకుంది.

"ఏమంటోంది పంపు?"

"తిడుతోందక్కా."

"నాకు వినబడలేదులే. నీకు బాధగా ఉంటే ఇటు రా, బట్టల మీద నీళ్ళు చల్లుదువుగాని."

అదే అతని ఉద్యోగం అయింది. చిన్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కొట్టు ముందు ముక్కాలి పీట మీద కూర్చుని, ఒక్కో చొక్కా మీదా నీళ్ళు చిలకరించేవాడు. ఒకసారి ఎవరిదో పెళ్ళి ప్యాంటు నిలువునా తడిపేశాడు. ఇంకోసారి సరదాపడి ఇస్త్రీపెట్టె పట్టి కాలర్ మాడ్చాడు. వచ్చేపోయేవాళ్ళని చూస్తూ అంత నిటారుగా కూర్చుంటున్నాడని పక్కనున్న టీకొట్టాయన "ఏం మేనేజరు గారూ, పని ఎంతవరకొచ్చింది?" అని పలకరించడం మొదలెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది. కొన్నాళ్ళకి ఎదురింటి పిల్లలే బడికి పోతూ మేనేజర్ మామయ్యకి చెయ్యి ఊపేవాళ్ళు. ఆయన ఊపేది మాత్రం వాళ్ళు మలుపు తిరిగిపోయాకే.

మాత్రలు మింగించడం మొదట్లో గండంగా ఉండేది. దవడలో దాచి, తర్వాత ఉమ్మేసేవాడు. ఒకనాడు అక్క తన దగ్గు మాత్ర వేసుకుంటుంటే, చూసి తనదీ మింగాడు. ఆ రోజు నుంచీ ఆవిడ రాత్రి భోజనాలయ్యాక నోట్లో ఏదో ఒకటి వేసుకునేది. దగ్గు బిళ్ళో, వట్టి వాము గింజలో. ఇద్దరూ ఒకేసారి నీళ్ళు తాగేవాళ్ళు. అది ఎంత అలవాటైపోయిందంటే, ఒక ఉపాయం చేస్తున్నానన్న సంగతే ఆవిడ మరిచిపోయింది.

తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. పంపు నోరు పూర్తిగా మూతపడలేదు గానీ, మేనేజరు దాన్ని లెక్కచేయడం మానేశాడు.

అప్పుడొచ్చింది అతని చెల్లెలు. అతన్ని ఆసుపత్రిలో చేర్చేనాటికి ఆ అమ్మాయి చిన్నపిల్ల. అన్నయ్య చచ్చిపోయాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు. తల్లి పోయే ముందు నిజం బయటపెట్టింది. అప్పటినుంచీ వెతుక్కుంటూ, ఆసుపత్రి చుట్టూ తిరిగి, కేంద్రం ఆచూకీ పట్టుకుని, నర్సమ్మని వెంటబెట్టుకుని కొట్టు ముందు నిలబడింది. మేనేజరు ఆమెని చాలాసేపు చూసి "చిట్టి" అన్నాడు. ఆ అమ్మాయి నడివీధిలో అతని మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. అక్క ఇస్త్రీపెట్టె పక్కకి తీసిపెట్టి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

తీసుకెళ్తానంది చెల్లెలు. ఇన్నేళ్ళూ పోగొట్టుకున్నది చాలు, ఇక తనే చూసుకుంటానంది. కేంద్రంవాళ్ళు పద్ధతి ప్రకారం అతన్నే అడిగారు, వెళ్తావా అని. "ఊ" అన్నాడు. టీ తాగుతావా అన్నా ఊ, వద్దా అన్నా ఊ, అదీ అతని వరస. నిజంగా ఏదైనా కావాలంటే నోటితో చెప్పడు, వెళ్ళి దాని పక్కన కూర్చుంటాడు. ఈ సంగతి అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. తోడబుట్టింది వచ్చి పిలుస్తుంటే, అడ్డుపడటానికి తానెవరు? ఆ పిల్ల కన్నీళ్ళలో అబద్ధం లేదు.

మందుల వేళలూ, అతనికి పడనివీ అన్నీ అక్క అప్పజెప్పింది. తను కూడా నోట్లో ఏదో వేసుకుంటుందన్న ముక్క మాత్రం చెప్పలేదు. అదొక చెప్పాల్సిన సంగతని ఆవిడకి అనిపించలేదు. ఆటో ఎక్కేముందు మేనేజరు నీళ్ళ గిన్నె చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. అక్క మెల్లిగా తీసుకుని, "వెళ్ళిరా తమ్ముడూ" అంది. ఆ మాటకీ ఊ అన్నాడు.

చెల్లెలి ఇల్లు నగరానికి అటు చివర, పెద్ద భవనంలో పై అంతస్తు. అన్నయ్యకి కిటికీ ఉన్న గది, మెత్తటి పరుపు, టీవీ అమర్చింది. మొగుడూపెళ్ళాలు ఇద్దరూ ఉద్యోగాలకి పోవాలి. అన్నయ్య ఎటు పోతాడోనని భయపడి బయట తాళం వేసుకుని వెళ్ళేది. ప్రేమతోనే వేసింది. కానీ ఆ ఇంటి ముందు వీధి లేదు, పలకరించే టీకొట్టు లేదు. మాత్రలు ఇస్తే నోరు తెరిచి వేయించుకునేవాడు. అవి పరుపు కింద బయటపడేసరికి ఆలస్యమైపోయింది. మళ్ళీ కంచం పట్టుకుని గోడ పక్కన నిలబడటం మొదలెట్టాడు. చెల్లెలు భయపడి నర్సమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ మర్నాడు వస్తానంది. ఆ సాయంత్రమే, చెత్త పడేసి రావడానికి చెల్లెలు కిందికి వెళ్ళినప్పుడు, తీసి ఉన్న తలుపులోంచి అతను వెళ్ళిపోయాడు.

అందరం వెతికాం. టీకొట్టాయన కొట్టు మూసి మరీ తిరిగాడు. అక్క చెప్పులు తెగితే పారేసి, వట్టి కాళ్ళతో నడిచింది. అతనికి మా వీధి పేరు తెలియదు. ఇక్కడున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. దారినపోయేవాళ్ళని "ఇస్త్రీ కొట్టు ఎక్కడ?" అని అడిగాడట. నగరంలో ఇస్త్రీ కొట్లకి కొదవా? పాపం జనం దయగానే చూపించారు, ఎవరికి దగ్గర్లో ఉన్నది వాళ్ళు. ఒక కొట్టతను మాకు చెప్పాడు, ఆ మనిషి వచ్చి తన బల్ల పక్కన చతికిలబడి, కాసేపు నీళ్ళ గిన్నెని చూసి, తర్వాత తలెత్తి తన మొహం చూసి, లేచి వెళ్ళిపోయాడని. ఇంకో పేటలో ఇంకొకతనూ అదే చెప్పాడు. మూడో చోట తరిమేశారు.

ఎడతెగని వానలో ఒక బస్సు షెల్టర్ కింద దొరికాడు. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. ఆసుపత్రిలో లోపలికి అయినవాళ్ళనే పంపిస్తామన్నారు. ఈవిడ మీకేమవుతారని అడిగితే, చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని, "మా అక్క" అంది. లోపల అతనికి తెలివి వచ్చీపోతూ ఉంది. అక్క గొంతు విని కళ్ళు తెరిచాడు.

"నన్నెందుకు పంపించేశావక్కా? కాలర్ మళ్ళీ మాడిందా?"

"లేదు తమ్ముడూ. ఏమీ మాడలేదు. నువ్వేం తప్పు చెయ్యలేదు."

విన్నాడో లేదో తెలియదు. తెల్లవారకుండానే పోయాడు.

వరండాలో బెంచీ మీద ఇద్దరాడవాళ్ళూ పక్కపక్కనే కూర్చున్నారు. చెల్లెలు, వస్తానన్నాడు కదా అంది, ఎవరినీ తప్పుపట్టకుండా, అర్థంకాక. అక్క అప్పుడు చెప్పింది. దేనికైనా ఊ అనేవాడమ్మా, అది తెలిసీ నేను నోరు విప్పలేదు అంది. చెల్లెలు ఏమంటుందోనని పక్కన నిలబడ్డ నర్సమ్మ బిగుసుకుపోయింది. తాళం వేసింది నేనక్కా అంది ఆ పిల్ల.

కేంద్రంవాళ్ళు తమ తొందరపాటు ఒప్పుకున్నారు. ఇప్పుడు అయినవాళ్ళు వచ్చినా ఒక్కసారిగా పంపించరు. రెండిళ్ళ వాళ్ళనీ కలిపి, నెలల తరబడి రాకపోకలు జరిపించి, అప్పుడు చూస్తారు. ఇంకొకర్ని పెట్టుకుంటావా అని నర్సమ్మ అక్కని అడిగింది. వద్దు, నాలో ఇంకేం మిగల్లేదు అందావిడ. తర్వాత మళ్ళీ ఎవరూ అడగలేదు.

చెల్లెలు మాత్రం సెలవు రోజుల్లో ఇప్పటికీ వస్తుంది. అన్నయ్య గురించి ఆమెకి తెలిసింది చిన్నప్పటి నాలుగు ముక్కలూ, చివరి కొన్ని వారాలూ. మధ్యదంతా అక్క దగ్గరే ఉంది. ఏం తినేవాడు, దేనికి నవ్వేవాడు, పిల్లలు ఏమని పిలిచేవాళ్ళు, ఒక్కొక్కటీ అడుగుతుంది. అక్క చెప్తుంది. కొన్నిసార్లు మధ్యలో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి, ఇద్దరూ ఆ ముక్కాలి పీట వైపు చూస్తూ కూర్చుంటారు. అలాంటప్పుడు బట్టలకోసం వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే చూసి, తర్వాత వద్దామని వెనక్కి వెళ్ళిపోతారు.